మీ అబ్బాయి ఫ్రటర్నిటీలో చేరతానంటే: ఏ రకం, ఏ చాప్టర్, ఎప్పుడు

గత ఆగస్టులో మా అబ్బాయిని విశ్వవిద్యాలయంలో దింపి, రైస్ కుక్కరు, ఆవకాయ సీసా, రెండు దుప్పట్లు గదిలో సర్ది ఇంటికి వచ్చాం. మూడో వారంలో ఫోను. "నాన్నా, ఇక్కడ రష్ జరుగుతోంది. ఫ్రటర్నిటీలో చేరదామనుకుంటున్నాను." అమెరికా కళాశాలల్లో ఎక్కువగా మగపిల్లలు చేరే విద్యార్థి సంఘాలను ఫ్రటర్నిటీలంటారు. ఆలోచించకుండానే "అవసరం లేదు" అన్నాను. వాడు "సరే" అన్నాడు. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు. మా నాన్నతో నేనూ అదే గొంతుతో అనేవాణ్ణి. నాలుగు రోజుల తర్వాత వాళ్ళమ్మ చెప్పింది, అప్పటికే మూడు ఫ్రటర్నిటీ ఇళ్ళకు వెళ్ళి అందరినీ పలకరించి వచ్చాడట.

ఆ రాత్రి నాకు మా హాస్టల్ గుర్తొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. నేను ఇంజనీరింగులో చేరింది అంతకు ముందే. మొదటి రెండు నెలలు సీనియర్లు మాతో ఏమేమి చేయించారో మా అమ్మానాన్నలకు ఇప్పటికీ తెలియదు. ఉత్తరాల్లో "ఇక్కడ నేను క్షేమం" అని రాసేవాణ్ణి. వాళ్ళు అడిగినా చెప్పేవాణ్ణి కాదు. అలాంటి నేను, ఒక్క మాటతో తలుపు మూసేసి, మా వాడు మాత్రం నాకు అన్నీ చెబుతాడని ఎలా అనుకున్నాను? మర్నాడు నేనే ఫోను చేసి "నువ్వు చూసినవేమిటో చెప్పు, నేనూ తెలుసుకుంటాను" అన్నాను. ఆ తర్వాతి నాలుగు నెలల్లో తెలుసుకున్నది ఇది. అమెరికాలో పిల్లలను చదివిస్తున్న తెలుగువారికి, ఇక్కడికి పంపబోతున్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఆడపిల్లలు చేరే సొరారిటీల ఎంపిక పద్ధతి వేరు గనుక వాటి జోలికి వెళ్ళడం లేదు.

గ్రీకు అక్షరాల వెనక

మన హాస్టల్ వింగ్‌ను ఊహించుకోండి. దానికి గ్రీకు అక్షరాల పేరు, సభ్యత్వ రుసుము, రహస్య ప్రమాణం, పాత విద్యార్థుల అండ, ఎవరిని చేర్చుకోవాలో తామే తేల్చుకునే హక్కు కలిపితే వచ్చేది ఫ్రటర్నిటీ. గ్రీసు దేశంతో దీనికి సంబంధమేమీ లేదు. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పాతో ఈ అక్షరాల వాడుక మొదలైంది. అది తర్వాత చదువులో మేటి విద్యార్థుల గౌరవ సంఘంగా మారింది. ఇప్పుడు మనం చూసే సోషల్ ఫ్రటర్నిటీలకు దారి వేసింది 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కళాశాలలో మొదలైన కప్పా ఆల్ఫా సొసైటీ.

పిల్లలు వాడే మాటలు నాలుగైదు తెలిస్తే సంభాషణ సాగుతుంది. రష్ అంటే ఇళ్ళు తిరిగి పరిచయాలు చేసుకునే రోజులు. బిడ్ అంటే "మాలో చేరు" అన్న పిలుపు. పిలుపు ఒప్పుకున్నవాడు కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా ఉంటాడు; ఈ మధ్య దీన్నే మర్యాదగా న్యూ మెంబర్ అంటున్నారు. ఆ వారాలు గడిచాక ప్రమాణం, ఇనిషియేషన్. ఒక్కో క్యాంపస్‌లో ఉన్న శాఖ పేరు చాప్టర్. చేరే రోజుకూ ప్రమాణం రోజుకూ మధ్య ఉన్న ఆ వారాలే మన దిగులంతా.

ఆ వారాల్లో జరిగే హింసను హేజింగ్ అంటారు. మనవాళ్ళు దాన్ని ర్యాగింగ్ అనేసి ఊరుకుంటారు కానీ, తల్లిదండ్రులకు ఈ రెంటి మధ్య తేడా పెద్దదే. ర్యాగింగ్ జూనియర్ల మీద వాళ్ళ ఇష్టంతో పని లేకుండా వచ్చి పడేది. ఏ వార్డెన్‌కో, ప్రిన్సిపాలుకో చెప్పుకోవాలన్న ఆలోచనైనా వస్తుంది. హేజింగ్‌లో కుర్రవాడు తనంతట తాను వెళ్ళి నిలబడతాడు. ఇంకో మూడు వారాలు ఓర్చుకుంటే వీళ్ళంతా నా వాళ్ళవుతారు అనుకుంటాడు. అందుకే వాడి నోటి నుంచి ఫిర్యాదు రాదు. అందువల్ల కింద చెప్పే ఏ రకాన్ని చూసినా నేను ముందు అడిగింది ఒక్కటే: అక్కడ జరిగేది మా వాడు నాకు ఫోనులో చెప్పగలిగేదేనా?

ఇల్లున్న సోషల్ ఫ్రటర్నిటీ

సినిమాల్లో కనిపించేది ఇదే: స్తంభాల ఇల్లు, పచ్చిక, శనివారం ఫుట్‌బాల్ ఆటకు ముందు పొగలు కక్కే గ్రిల్లు. ఐఎఫ్‌సీ (ఇంటర్‌ఫ్రటర్నిటీ కౌన్సిల్) అనే మండలి కింద ఉండే చాప్టర్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. వీటిలో దొరికేది తక్కువేమీ కాదని ముందే ఒప్పుకుంటాను. నలభై వేల మంది చదివే చోట తన పేరు తెలిసిన అరవై మంది ఉండటం పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికి చిన్న విషయం కాదు. ఇంటి లెక్కలు చూడటం, వంట మనిషికి జీతం ఇవ్వటం, గొడవలు తీర్చటం పిల్లలే చేస్తారు. ఇరవై ఏళ్ళకే లక్షల డాలర్ల బడ్జెట్ చూసే ట్రెజరర్లు ఉంటారు. పాత సభ్యులు ఉద్యోగాల్లో చెయ్యందిస్తారు. "మా తాతయ్యదీ ఈ ఇల్లే" అనే పిల్లల పక్కన మనవాడు మొదట కాస్త వెనక నిలబడతాడు కానీ, చాలా క్యాంపస్‌లలో అది ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు.

ఇక రెండో వైపు. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, పిలుపు ఒప్పుకున్న రాత్రే ఒక కుర్రవాడికి మద్యం తెగ పట్టించారు. మెట్ల మీద నుంచి పడి తలకు, కడుపులో దెబ్బలు తగిలినా సుమారు పన్నెండు గంటల పాటు ఎవరూ అంబులెన్సును పిలవలేదు. అతను చనిపోయాడు. ఆ ఇంట్లో మద్యం ఉండకూడదన్న నిబంధన అప్పటికే ఉంది, కెమెరాలూ ఉన్నాయి. ఆ వార్త చదివినప్పటి నుంచి "మా హౌస్‌లో మద్యం నిషేధం" అన్న మాట వింటే నాకు ఊరట కలగటం లేదు. ఫ్రటర్నిటీల జాతీయ సమాఖ్య 2018లో, 15 శాతం మించి ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని ఇళ్ళలో, వేడుకల్లో నిషేధించింది. లైసెన్సు ఉన్న అమ్మకందారు పోస్తే మాత్రం మినహాయింపు. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో ప్లెడ్జ్ దశనే ఎత్తేసింది. చేరిన మొదటి వారాల్లోనే పూర్తి సభ్యత్వం ఇచ్చే ఇలాంటి పద్ధతి, కాగితం మీద ఉన్నట్టే క్యాంపస్‌లోనూ నడిస్తే, నా లెక్కలో పెద్ద మార్కు. సీనియర్లకు చాకిరీ చేస్తూ తిరిగే కాలమే ఉండదు కదా.

ఎవరికి నప్పుతుంది? నలుగురిలో కలిసిపోతూనే "నాకొద్దు" అని గట్టిగా చెప్పగల కుర్రవాడికి. ఇంట్లో మొహమాటానికి పోయి మూడో గరిటె పులిహోర వడ్డించుకునే రకమైతే, నేనైతే ఒక ఏడాది ఆగమంటాను.

దేశీ ఫ్రటర్నిటీ

మా ఆవిడకు మొదట నచ్చింది ఇదే. "మన పిల్లలే ఉంటారుగా" అంది. దక్షిణాసియా విద్యార్థులు మొదలుపెట్టినవి కొన్ని ఉన్నాయి: బింగ్‌హామ్‌టన్‌లో 1994లో ఐయోటా నూ డెల్టా, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో 1998లో డెల్టా ఎప్సిలాన్ సై, మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో బీటా కై థీటా. 1996లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదలైన సిగ్మా బీటా రో అన్ని సంస్కృతుల వారినీ చేర్చుకుంటుంది. పాత ఇళ్ళు తలుపులు తెరవని కాలంలో నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫాను నిలబెట్టారు; ఆ బాటలోనే లాటినో, ఆసియా పిల్లలవీ వచ్చాయి.

వీటికి చాలా చోట్ల సొంత ఇల్లు ఉండదు. సభ్యులు తక్కువ, ఖర్చూ తక్కువ. దీపావళి, గర్బా, నృత్య పోటీలు, విరాళాల సేకరణ చుట్టూ ఏడాది తిరుగుతుంది. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు మధ్య పెరిగిన పిల్లవాడు తన పేరును ప్రతిసారీ విడమరచి చెప్పుకోనక్కరలేని చోటు దొరికిందని సంతోషపడతాడు. ఆ సుఖం ఏపాటిదో ఆఫీసులో నా పేరును ముక్కలు చేసి పలికే వాళ్ళ మధ్య పాతికేళ్ళుగా ఉన్న నాకు తెలుసు.

అయితే "మన పిల్లలే" అన్నది పూచీకత్తు కాదు. ఇలాంటి చిన్న బృందాల్లో కొన్నింటిలో ప్లెడ్జ్ కాలం ఇల్లున్న వాటికన్నా గుట్టుగా, శరీరానికి కష్టంగా సాగుతుంది. కొత్తగా చేరేవాళ్ళు ఐదారుగురే. వాళ్ళను ఒక లైన్ అంటారు. ప్రమాణం పూర్తయ్యే దాకా వాళ్ళెవరో బయటికి చెప్పకూడదనే ఆచారం కొన్ని చోట్ల ఉంది. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లోని బరూక్ కళాశాల విద్యార్థులను ఒక ఆసియా అమెరికన్ ఫ్రటర్నిటీ పెన్సిల్వేనియా కొండల్లోని అద్దె ఇంటికి తీసుకెళ్ళింది. కళ్ళకు గంతలు కట్టి, ఇసుక నింపిన సంచి వీపున వేసి, మంచులో నడిపించి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఢీకొట్టారు. మొదటి ఏడాది విద్యార్థి ఒకడు తిరిగి లేవలేదు. 2017లో జ్యూరీ ఆ ఫ్రటర్నిటీ సంస్థనే దోషిగా తేల్చింది. అక్కడున్న వాళ్ళంతా అతని పేరును సరిగ్గా పలకగలవాళ్ళే.

అందుకని ఇక్కడ మద్యం కన్నా ముందు అడగవలసినది ప్రయాణాల గురించి. వారాంతాల్లో ఊరి బయటికి తీసుకెళ్తారా? ఫోన్లు తీసేసుకుంటారా? "అది రహస్యం నాన్నా" అన్న జవాబు వస్తే మరికాస్త లోతుగా మాట్లాడాలి. ప్రమాణంలో ఏ శ్లోకం చదువుతారో నాకు అక్కరలేదు. శుక్రవారం రాత్రి రెండింటికి మా వాడు ఎక్కడున్నాడన్నది రహస్యంగా ఉండకూడదు.

వృత్తి ఫ్రటర్నిటీలు, సేవా సంఘాలు

వ్యాపార విద్యార్థులకు ఆల్ఫా కప్పా సై, డెల్టా సిగ్మా పై, ఇంజనీరింగ్ వారికి థీటా టౌ వంటివి ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలోనే పుట్టాయి. వీటిలో ఆడపిల్లలూ ఉంటారు. సోషల్ ఫ్రటర్నిటీలకు లింగ వివక్ష నిషేధ చట్టం నుంచి 1974లో మినహాయింపు ఇచ్చారు కానీ, వృత్తి సంఘాలకు ఆ వెసులుబాటు లేదు. రెజ్యూమే దిద్దడం, నమూనా ఇంటర్వ్యూలు పెట్టడం, ఇంటర్న్‌షిప్ దారులు చూపించడం వీటి పని. తెలుగు తండ్రికి ఇది వినగానే నచ్చుతుంది, నాకూ నచ్చింది. మా అబ్బాయి నవ్వాడు: "నాన్నా, ఇందులోకి రావాలంటే ఉద్యోగానికి వెళ్ళినట్టే ఉంటుంది." నిజమే, కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాల్లో వ్యాపార ఫ్రటర్నిటీలో చోటు దొరకడం ఆ విశ్వవిద్యాలయంలో సీటు దొరకడం కన్నా గగనం. స్కూల్లో ఎప్పుడూ ఓడని పిల్లవాడు ఇక్కడ మొదటిసారి తిరస్కారం చూస్తాడు. ఆ వారం ఫోను చేసి మార్కుల గురించి అడగకండి.

వృత్తి అన్న మాట కూడా అభయం కాదు. సిరక్యూస్ విశ్వవిద్యాలయం 2018లో జాతి విద్వేష వీడియోలు బయటపడ్డాక థీటా టౌ చాప్టర్‌ను వెలివేసింది.

సేవకు ఆల్ఫా ఫై ఒమెగా ఉంది. 1925లో లాఫయెట్ కళాశాలలో మొదలైంది, అబ్బాయిలూ అమ్మాయిలూ చేరవచ్చు, ఖర్చు స్వల్పం. బిడియస్తుడైన కుర్రవాడికి నేను మొదట చూపేది ఇదే. టౌ బీటా పై వంటి గౌరవ సంఘాలకు మార్కులను బట్టి పిలుపు వస్తుంది; వాటికి ఇప్పుడు తొందర లేదు. పేరు వినని "గౌరవ సంఘం" నుంచి రుసుము కట్టమని మెయిల్ వస్తే మాత్రం ముందు డిపార్ట్‌మెంటులో అడగమనండి.

చేరకపోవడం, ఆగి చేరడం

ఇదీ ఒక ఎంపికే. నోటర్ డేమ్, రైస్ విశ్వవిద్యాలయాల్లో ఫ్రటర్నిటీలే లేవు, అక్కడి పిల్లలు స్నేహితులు లేక అల్లాడటమూ లేదు. డార్ట్‌మత్‌లో రెండో సంవత్సరం దాకా చేరనివ్వరు. పెన్ మసాలా అనే పాటల బృందం పుట్టింది సిగ్మా బీటా రో పుట్టిన విశ్వవిద్యాలయంలోనే, అదే 1996లో. ఏ పిల్లవాడికి ఏది కావాలో వాడు ఎంచుకోవచ్చు. భాంగ్రా బృందం, క్రికెట్ క్లబ్బు, రోబోటిక్స్ గది కూడా రాత్రి పన్నెండింటికి కలిసి పిజ్జా తినే మనుషులనే ఇస్తాయి.

మా ఇంట్లో కుదిరిన ఒప్పందం మాత్రం ఆగి చేరడం. మొదటి సెమిస్టర్ వద్దు, జనవరి రష్‌కి అభ్యంతరం లేదు. ఈలోగా ఎవరు ఎలాంటి వారో రష్ చిరునవ్వులు లేకుండా కనిపిస్తుంది. ఏ ఇంటి కుర్రాళ్ళు సోమవారం తరగతికి వస్తున్నారో, ఏ ఇంటి ప్లెడ్జ్‌లు నిద్ర కళ్ళతో లైబ్రరీలో తల వాలుస్తున్నారో మా వాడే చూసి చెప్పాడు. నేను ఇంట్లో కూర్చుని ఎంత వెతికినా దొరకని సమాచారం అది.

పేరును పక్కనపెట్టి చాప్టర్‌ను చూడండి

ఒకే ఫ్రటర్నిటీకి ఒక ఊళ్ళో బంగారం లాంటి చాప్టర్, మరో ఊళ్ళో మూతపడిన చాప్టర్ ఉంటాయి. కాబట్టి జాతీయ పేరును బట్టి మంచిచెడ్డలు తేల్చవద్దు. 2024 డిసెంబరు 23న అమెరికాలో స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయం, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లు, జరిగినదేమిటి, మద్యం లేదా మత్తుమందులు ఉన్నాయా, వేసిన శిక్ష ఏమిటి అన్నవి అందరికీ కనిపించేలా తన వెబ్‌సైటులో పెట్టాలి. మొదటి నివేదికలకు గడువు 2025 డిసెంబరు 23. విశ్వవిద్యాలయం పేరు, హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్ అన్న మాటలు కలిపి వెతకండి.

ఒక మెలిక ఉంది. ఆ నివేదికలో గుర్తింపు ఉన్న సంఘాలే ఉంటాయి. గుర్తింపు పోయాక కూడా బయట ఇల్లు అద్దెకు తీసుకుని అదే పేరుతోనో, మారుపేరుతోనో నడిచే బృందాలు అందులో కనిపించవు. అన్నిటికన్నా ప్రమాదం వీటితోనే. వీటి మీద విశ్వవిద్యాలయం అదుపు, జాతీయ సంస్థ అదుపు రెండూ ఉండవు. కనుక నివేదికతో పాటు గుర్తింపు ఉన్న చాప్టర్ల జాబితా కూడా చూడాలి. ఆ జాబితాలో పేరు లేకపోతే మాట్లాడటానికి ఇంకేమీ లేదు.

చాలా విశ్వవిద్యాలయాలు ప్రతి సెమిస్టర్ చివర చాప్టర్ల సగటు మార్కులు కూడా ప్రకటిస్తాయి. అందులో క్యాంపస్‌లోని మగపిల్లలందరి సగటూ ఉంటుంది. చాప్టర్ సగటు దానికి పైనుందో కిందుందో చూడండి. కొత్త సభ్యుల సగటు విడిగా ఇచ్చి ఉంటే ముందు దాన్నే చూడండి. ప్లెడ్జ్ వారాలు చదువును ఎంత తిన్నాయో అక్కడ తేలిపోతుంది. మీ అబ్బాయి మార్కులు మాత్రం వాడు ఒప్పుకోకుండా సాధారణంగా మిమ్మల్ని చూడనివ్వరు. కళాశాలలో చేరాక ఆ హక్కు వాడిదే.

డబ్బు, బీమా, వీసా

డ్యూస్ (సభ్యత్వ రుసుము) సెమిస్టర్‌కు కొన్ని వందల డాలర్ల నుంచి, ఇల్లు, భోజనం కలిస్తే కొన్ని వేల దాకా వెళ్తాయి. ప్రవేశ రుసుము, జాతీయ రుసుము, బీమా రుసుము, చొక్కాలు, విందులు, సమావేశానికి రాకపోతే జరిమానా విడిగా ఉంటాయి. ఏడాది మొత్తం కాగితం మీద రాసి పంపమనండి. రెండో ఏడాది ఆ ఇంట్లోనే ఉండి తీరాలా అని అడగండి; అద్దె ఒప్పందం మీద మీ సంతకం కోరే అవకాశం ఉంది. పిల్లల చదువు కోసం పన్ను రాయితీతో తెరిచే 529 ఖాతాలో దాచిన డబ్బు ఈ డ్యూస్‌కు వాడితే అర్హమైన ఖర్చుగా లెక్కకు రాదు. మా ఇంట్లో సగం మేము, సగం వాడి వేసవి జీతం. తన డబ్బు పడ్డాక వాడే ఇంకా గట్టిగా బేరీజు వేస్తున్నాడు.

బీమా సంగతి ఎవరూ చెప్పరు. ఫ్రటర్నిటీల బీమా చాలావరకు నిబంధనల ప్రకారం నడుచుకున్నంతసేపే కాపాడుతుంది. హేజింగ్, వయసు చాలని వారికి మద్యం పోయడం వంటివి జరిగితే సభ్యుడికి రక్షణ ఉండకపోవచ్చు, దావా వాడి పేరు మీదే పడవచ్చు. ఇంటి బీమా పాలసీ అలాంటప్పుడు కొడుక్కి వర్తిస్తుందో లేదో మీ ఏజెంటును అడగండి.

వీసా మీద ఉన్న కుటుంబాలకు ఇంకొక మాట. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడి, పిల్లవాడు తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 మీదో, ఇరవై ఒకటి నిండి విద్యార్థి వీసా ఎఫ్-1 మీదో ఉంటే, పక్క గది స్నేహితుడికి జరిమానాతో పోయే తప్పు వాడికి అంతటితో పోదు. తాగి కారు నడుపుతూ పట్టుబడితే కోర్టులో నేరం రుజువు కాకముందే వీసా రద్దయ్యే వీలుంది. నకిలీ గుర్తింపు కార్డు కూడా చిన్న నేరం కాదు. గంజాయి వాడు చదివే రాష్ట్రంలో చట్టబద్ధమైనా కేంద్ర వలస చట్టం దృష్టిలో నేరమే. ఇది బెదిరింపుగా కాకుండా ఒక్కసారి, కూర్చోబెట్టి చెప్పాలి. మద్యానికి వయసు ఇరవై ఒకటి అన్న సంగతి వాళ్ళకు తెలుసు; తమ కాగితాల బరువు చాలామందికి తెలియదు.

మా ఇంట్లో పెట్టుకున్న ఒక నియమం కూడా చెబుతాను. ఎవరైనా తాగి స్పృహ తప్పితే ముందు 911, తర్వాత నాకు ఫోను. సహాయం కోసం ఫోను చేసినవారిని మద్యం కేసు నుంచి కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఇక వాడు ఎక్కడినుంచైనా బయటపడాలనుకుంటే "అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదట" అని మెసేజ్ పెడతాడు. నేను వెంటనే ఫోను చేసి గట్టిగా అరుస్తాను, రమ్మంటాను. నెపం నా మీద పడుతుంది, వాడి పరువు దక్కుతుంది. మా అత్తగారికి ఈ ఏర్పాటు చెప్పలేదు.

ఈ నెలాఖరులో రష్ మొదలవుతోంది. పోయిన ఆదివారం మా వాడు రెండు పేర్లు పంపాడు, ఒకటి ఇల్లున్నది, ఒకటి ఇంజనీరింగ్‌ది. ఇద్దరం ఫోనులో మాట్లాడుకుంటూనే విశ్వవిద్యాలయం పేజీ తెరిచాం. మొదటిదాని పేరు నివేదికలో ఉంది: 2025 వసంతకాలం, కొత్త సభ్యులను నిద్రపోనివ్వకపోవడం, ఒక సెమిస్టర్ సస్పెన్షన్. నేను నోరు తెరిచేలోపే, "ఇది వాళ్ళు నాకు చెప్పలేదు నాన్నా" అన్నాడు. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత రెండో చాప్టర్ వాళ్ళ కొత్త సభ్యుల కార్యక్రమం, వారం వారీగా, నాకు మెయిల్లో వచ్చింది. ఆరు వారాలు. మూడో వారంలో శనివారం పగలు ఏమిటో రాయలేదు. అది కనుక్కుంటానన్నాడు.